చింతామణి వైపు ఎకరన్నర టమోటా: తేమ సెన్సరా, మొబైల్ స్టార్టరా, ఏది ముందు కొనాలి?

విభాగం: బెంగళూరు తెలుగువారి సేద్యం › నీళ్లు, మోటార్లు, సెన్సర్లు

#1 చింతామణి దారి (మారతహళ్లి)

అందరికీ నమస్కారం. చింతామణి దగ్గర ఎకరన్నర ఎర్రనేల, టమోటా పూత మీద ఉంది. సేద్యం అమ్మానాన్నలది. సామాను, లెక్కలు బెంగళూరు నుంచి నేను చూస్తాను.

10 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారు, 800 అడుగుల్లో దించింది, స్టార్ డెల్టా స్టార్టరు (మోటారును తక్కువ కరెంటుతో లేపే రకం). 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద మొత్తం ఐదు మోటార్లున్నాయి. త్రీ ఫేజ్ కరెంటు రోజుకు 7 గంటలు, కొంత పగలు, కొంత రాత్రి. సాలుకూ సాలుకూ మధ్య 4 అడుగులు. 16 ఎంఎం లేటరల్ పైపు (సాలు వెంబడి పోయే సన్న పైపు), 40 సెంటీమీటర్లకొక డ్రిప్పరు, గంటకు 2 లీటర్లది. మల్చింగ్ షీటు (బోదెలను కప్పే ప్లాస్టిక్) వేశాం. గేటువాల్వులు రెండు, ముప్పావు ఎకరానికి ఒకటి చొప్పున.

బాధేమిటంటే ఆఖరి సాళ్లు మధ్యాహ్నానికి వాడిపోతున్నాయి, అక్కడ కాయల అడుగు నల్లబడుతోంది. మొదటి సాళ్లలో మాత్రం బోదెలు ఎప్పుడూ చిత్తడిగానే ఉంటున్నాయి. ఒక కంపెనీవాళ్లు తేమ సెన్సర్లు, చిన్న వాతావరణ కేంద్రం, ఫోనుతో తెరుచుకునే వాల్వులు కలిపి ఇస్తామంటున్నారు. రెండో ఏడు నుంచి చందా కట్టాలట. మేం పెట్టగలిగింది 25 వేలు. మొదట ఏది కొనమంటారు, ఈ సెన్సర్లా, ఫోనుతో మోటారు వేసి ఆపే మొబైల్ స్టార్టరా?

#2 ఎర్రనేల (హెబ్బాళ)

ముందు నీళ్ల లెక్క వేసుకుందాం, కొనడం సంగతి తర్వాత.

ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. 1.2 మీటర్లకొక లేటరల్ అంటే ఎకరాకు దాదాపు 3,370 మీటర్ల పైపు, 40 సెంటీమీటర్లకొకటి చొప్పున 8,430 డ్రిప్పర్లు. ఒక్కోటి గంటకు 2 లీటర్లయితే ఎకరా మొత్తం తెరిచినప్పుడు గంటకు 16,860 లీటర్లు అడుగుతుంది. మీరు ముప్పావు ఎకరం ఒకేసారి తెరుస్తున్నారు, అంటే దాదాపు 12,650 లీటర్లు. మీ బోరు గంటకు అంత పోస్తుందా?

కొలవడానికి 200 లీటర్ల డ్రమ్ము చాలు. మోటారు వేసి అరగంట ఆగండి. మొదట్లో బోరులో నిలిచిన నీళ్లు వస్తాయి కాబట్టి అప్పుడు కొలిస్తే ఎక్కువ చూపిస్తుంది. అరగంట తర్వాత డ్రమ్ము ఎన్ని సెకన్లలో నిండిందో రాసుకోండి. రెండు గంటలయ్యాక మళ్లీ కొలవండి, రెండో కొలతే నిజం. దాంతోపాటు ఒక ప్రెషర్ గేజి కొని, వాల్వు తెరిచి ఉన్నప్పుడు ఆఖరి లేటరల్ కొసన పట్టి చూడండి. ఈ రెండు అంకెలు చేతికి రాకుండా సెన్సర్లు కొనకండి.

#3 గేటువాల్వు (కె.ఆర్.పురం)

ఎర్రనేల గారి మాటే నాదీ. మొదటి సాలు చిత్తడి, చివరి సాలు ఎండు అంటే నేలలో తేమ తెలియక వచ్చిన చిక్కు కాదిది, పైపులో ఒత్తిడి చాలడం లేదు. సెన్సరు మొదటి సాలులో పాతితే మోటారు ఆపేయమంటుంది, చివరి సాలులో పాతితే ఇంకా పారించమంటుంది. రెండూ నిజమే చెబుతాయి, పంట మాత్రం బాగుపడదు.

#4 చింతామణి దారి

కొలిపించాను. రెండు గంటల తర్వాత డ్రమ్ము సరిగ్గా 2 నిమిషాల్లో నిండింది. ఆఖరి లేటరల్ కొసన గేజి చదరపు సెంటీమీటరుకు 0.2 కిలోలు చూపిస్తోంది.

#5 ఎర్రనేల

రోగం దొరికింది. 2 నిమిషాలకు 200 లీటర్లంటే గంటకు 6,000. అడుగుతున్నది 12,650. మామూలు డ్రిప్పరులో పారకం ఒత్తిడి వర్గమూలంతో మారుతుంది. నీళ్లు సగానికి తగ్గాయంటే ఒత్తిడి నాలుగో వంతుకు పడిపోయినట్టు. ఒక కిలో ఉండాల్సిన చోట మీ గేజి 0.2 చూపడం లెక్కకు సరిపోయింది.

ఎకరన్నరను నాలుగు భాగాలు చేయండి. ఒక్కో భాగం 6,320 లీటర్లు అడుగుతుంది, బోరు 6,000 ఇస్తుంది, ఒత్తిడి 0.9 కిలో దగ్గర నిలుస్తుంది. ఐదు భాగాలు చేసి ఒత్తిడిని ఒక కిలో దగ్గరే ఉంచితే ఒక్కో భాగానికి గంటకు 5,060 లీటర్లే పోతాయి, మొత్తం సమయం పెరుగుతుంది. మీ 7 గంటల కరెంటుకు నాలుగే సరి.

ఇక పంటకు రోజుకు ఎన్ని నీళ్లు? ఆవిరి రోజుకు 5 మిల్లీమీటర్లు అనుకుందాం. చెట్టు నిండుగా ఎదిగి కాయ మీద ఉన్నప్పుడు టమోటాకు ఎఫ్ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) ఇచ్చిన గుణకం, అంటే ఆవిరిని హెచ్చించాల్సిన అంకె, 1.15. అంటే 5.75 మిల్లీమీటర్లు. ఎకరం మీద ఒక మిల్లీమీటరు అంటే 4,047 లీటర్లు కాబట్టి 23,270 లీటర్లు. డ్రిప్పు పంపకం నూటికి 90 పాళ్లు సమానం అనుకుంటే 25,850. ఎకరన్నరకు 38,800 లీటర్లు, మీ బోరుకు దాదాపు ఆరున్నర గంటలు.

నారు నాటిన కొత్తలో గుణకం 0.6. అదే లెక్కన ఎకరన్నరకు 20,200 లీటర్లు, మూడు గంటల ఇరవై నిమిషాలు. మల్చింగ్ షీటు ఉంటే ఈ గుణకం నూటికి 10 నుంచి 30 పాళ్ల దాకా తగ్గుతుందని ఎఫ్ఏఓ చెబుతుంది, నేలమీది నుంచి ఆవిరయ్యే భాగం ఆగిపోతుంది కాబట్టి.

ఇందులో మీకు పనికొచ్చేది ఒకటుంది. మొదటి నెల, నెలన్నర తేమ సెన్సరు నిజంగా నీళ్లు మిగిలిస్తుంది, మూడు గంటలు చాలిన చోట ఏడు గంటలు పారించకుండా ఆపుతుంది. కాయ మీద ఉన్నప్పుడు మీ బోరు శక్తి అంతా పంటకే కావాలి. అప్పుడు సెన్సరు చెప్పేది ‘ఇంకా కావాలి’ అనే. ఆ దశలో అక్కరకొచ్చేది నీటి మీటరు, మోటారు రక్షణ.

#6 గేటువాల్వు

భాగాలు చేసే పద్ధతి. ఒక్కో ముప్పావు ఎకరంలో లేటరళ్లకు నీళ్లు పంచే 63 ఎంఎం సబ్‌మెయిన్‌ను సగంలో కోసి, కోసిన రెండు కొసలకూ మూతలు బిగించండి. మెయిన్ నుంచి కొత్త టీ (మూడు నోళ్ల అతుకు) తీసి, రెండో సగానికి మరో గేటువాల్వు. ప్రతి సబ్‌మెయిన్ చివరా ఒక ఫ్లష్ వాల్వు తప్పనిసరి, మడ్డి బయటికి పోయే దారి అదొక్కటే. అతుకులకు సాల్వెంట్ జిగురు పూశాక ఒక రోజు ఆరనిచ్చి ఒత్తిడి పెట్టండి. తొందరపడి అదేరోజు మోటారు వేస్తే టీ దగ్గర ఊడొస్తుంది.

వాల్వు మార్చేటప్పుడు రెండోది తెరిచాకే మొదటిది మూయాలి. అన్నీ మూసి మోటారు నడిస్తే సబ్‌మెయిన్ పగులుతుంది. మెయిన్ మీద ఒక ప్రెషర్ రిలీఫ్ వాల్వు (ఒత్తిడి మించితే నీళ్లు బయటికి వదిలేది) పెట్టుకోండి. మున్ముందు మొబైల్ స్టార్టరు పెడతారుగా, ఊళ్లో వాల్వు మూసి ఉందో తెరిచి ఉందో బెంగళూరులో మీకు కనపడదు.

నీటి మీటరు ఫిల్టరు తర్వాతే పెట్టాలి. ముందు పెడితే బోరు ఇసుక రెక్కల్లో పడి తిరగడం మానేస్తుంది. 50 ఎంఎం మీటరుకు ముందు అర మీటరు, తర్వాత పావు మీటరు తిన్నని పైపు ఉండాలి. వంపు పక్కనే బిగిస్తే నీళ్లు సుళ్లు తిరిగి తప్పు లెక్క వస్తుంది. పల్స్ వచ్చే రకం (పారిన నీటికి తగ్గట్టు విద్యుత్ సంకేతం ఇచ్చేది) తీసుకుంటే తర్వాత ఏ కంట్రోలరుకైనా కలుపుకోవచ్చు.

మీటరూ గేజీ పక్కపక్కన ఉంటే పైపులో ఏం జరుగుతోందో చదవొచ్చు. పారకం తగ్గి ఒత్తిడి పెరిగితే డ్రిప్పర్లు మూసుకుపోతున్నాయి. పారకం పెరిగి ఒత్తిడి తగ్గితే ఎక్కడో పైపు తెగింది, లేదా ఉడుత కొరికింది. రెండూ తగ్గితే బోరులో నీళ్లు దిగాయి, లేదంటే ఫిల్టరు నిండింది. ఫిల్టరుకు ముందూ వెనకా గేజిల మధ్య తేడా 0.5 కిలో దాటితే డిస్కులు తీసి కడగాలి.

#7 స్టార్టర్ పెట్టె (ఎస్పీ రోడ్డు)

మొబైల్ స్టార్టరు, అదే మొబైల్ కంట్రోలరు, సంగతి నేను చెబుతాను. దీన్ని సౌకర్యం కోసం కొంటారు కానీ అసలు లాభం మోటారు కాలకపోవడంలో ఉంది. 800 అడుగుల నుంచి మోటారు పైకి తీయడానికి క్రేను బండి, మళ్లీ వైండింగు, అన్నీ కలిపితే కంట్రోలరు ధరకు ఎన్నో రెట్లు.

మీది స్టార్ డెల్టా కాబట్టి లోపలి కాంటాక్టర్లనూ (మోటారుకు కరెంటు కలిపే స్విచ్చులు) టైమర్‌నూ ముట్టుకోవద్దు. కంట్రోలరు ఆన్ రిలే (కంట్రోలరు నడిపే చిన్న స్విచ్) తీగలు పచ్చ బటన్‌కు సమాంతరంగా, ఆఫ్ రిలే తీగలు ఎర్ర బటన్‌తో వరసలో. సీటీ కాయిల్‌లోంచి మోటారుకు పోయే ఒక ఫేజు తీగ దూరాలి, ఆంపియర్లు కొలిచేది ఆ కాయిలే. మూడు సీటీలున్నది దొరికితే ఇంకా మేలు, ఏ ఫేజు బలహీనంగా ఉందో తెలుస్తుంది. పని మొదలుపెట్టే ముందు మెయిన్ ఫ్యూజులు పీకి జేబులో వేసుకోండి. కట్‌ఔట్ దింపి వదిలేస్తే ఇంకెవరో వచ్చి ఎత్తుతారు.

సెట్టింగులు:

మోటారు వేసి పదిహేను నిమిషాలయ్యాక నిలకడగా ఎన్ని ఆంపియర్లు తీసుకుంటోందో చూడండి. 10 హెచ్‌పీకి మామూలుగా 17, 18 ఉంటుంది. ఓవర్‌లోడ్ దానికి నూటికి 110 నుంచి 115 పాళ్ల దగ్గర. డ్రై రన్ 70 నుంచి 75 పాళ్ల దగ్గర. బోరులో నీళ్లు అందకపోతే మోటారుకు బరువు తగ్గి ఆంపియర్లు పడిపోతాయి, దాన్నే కంట్రోలరు పట్టుకుంటుంది. నేమ్‌ప్లేటు మీది అంకె వేయకండి, ఆ బోరులో ఆ లోతున నడిచే అంకె వేరు. డ్రై రన్‌తో ఆగాక మళ్లీ మొదలవ్వడానికి కనీసం 45 నిమిషాల గడువు ఇవ్వండి. పది నిమిషాలు పెడితే నీళ్లు ఊరకముందే లేస్తుంది, ఆగుతుంది, మళ్లీ లేస్తుంది. మోటారును చంపేది ఆ లేవడమే.

తక్కువ ఓల్టేజి కోత 340 దగ్గర. ఊరి చివరి లైన్లలో సాయంత్రం అంతకన్నా కిందికి పోతుంది, అప్పుడు నడపకపోవడమే మంచిది.

ఇక అన్నింటికన్నా ముఖ్యం, కరెంటు వచ్చాక ఎంతసేపటికి మోటారు లేవాలనేది. 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మోయగలిగింది ఒక్కో ఫేజుకు సుమారు 85 ఆంపియర్లు. ఐదు 10 హెచ్‌పీ మోటార్లు నడిస్తేనే అది నిండిపోతుంది. కరెంటు రాగానే ఆటో మీదున్న మోటార్లన్నీ ఒక్కసారి లేస్తే, అందులోనూ నేరుగా లేచే డీఓఎల్ స్టార్టర్లయితే, ఒక్కోటి మామూలుకు ఐదారు రెట్లు లాగుతుంది. ఓల్టేజి కుప్పకూలి కాంటాక్టర్లు గడగడలాడుతాయి, ఫ్యూజులు పోతాయి, చివరికి ట్రాన్స్‌ఫార్మరే పోతుంది. ఐదుగురూ కూర్చుని వంతులు పెట్టుకోవాలి: ఒకరికి 1 నిమిషం, తర్వాతివారికి 2, అలా 5 దాకా. పైసా ఖర్చు లేదు. ఒక్కరు ఒప్పుకోకపోయినా మిగతా నలుగురు పాటిస్తే చాలావరకు గట్టెక్కుతుంది.

#8 తూము (కృష్ణరాజపురం రైలు)

స్టార్టర్ పెట్టె అన్నా, రాత్రి రెండు ఫేజులే ఉన్నప్పుడు కండెన్సర్ పెట్టి నడిపేవాళ్లున్నారు కదా. అక్కడ ఈ కంట్రోలరు పనిచేస్తుందా?

#9 స్టార్టర్ పెట్టె

పనిచేయదు తమ్ముడూ, చేయకూడదు కూడా. ఫేజు పోయిందని గుర్తించి ఆపడమే దాని పని. కండెన్సర్ కోసం ఫేజు రక్షణను పక్కకు తప్పించే తీగ వేస్తే, త్రీ ఫేజ్ సమయంలో ఒక ఫేజు ఎగిరినా మోటారు నడుస్తూనే ఉంటుంది, నిమిషాల్లో వైండింగు మాడుతుంది. ఆటో, ఆఫ్, మాన్యువల్ అని మూడు గుర్తుల రోటరీ స్విచ్ ఒకటి పెట్టండి. కంట్రోలరు చెడితే మాన్యువల్‌లో బటన్ నొక్కి వేసుకోవచ్చు. ఆ మాన్యువల్ దారిలో కూడా ఓవర్‌లోడ్ రిలే, ఫేజు రక్షణ ఉండి తీరాలి.

ఇంకో మాట. స్టార్టరు డబ్బాలో చీమలు గూడు పెడతాయి, బల్లులు దూరతాయి. కాంటాక్టు పాయింట్ల మధ్య చీమ నలిగితే ఒక ఫేజు అందదు. తీగలు వచ్చే కన్నాలన్నీ గ్లాండ్లతో బిగించి, మిగిలినవి ఎంసీల్‌తో మూసేయండి. ఎర్తింగు సరిగ్గా లేని చోట ఎలక్ట్రానిక్ పెట్టె ఏదీ ఒక వానాకాలం దాటదు.

#10 లోరా గాలి (ఎలక్ట్రానిక్ సిటీ)

సిమ్ గురించి. చవక కంట్రోలర్లు చాలావాటిలో 2జీ మాడ్యూలే ఉంటుంది. జియోకు 2జీ లేదు, ఆ సిమ్ వేస్తే ఎప్పటికీ నెట్‌వర్క్ పట్టదు. ఎయిర్‌టెల్, వీఐ, బీఎస్ఎన్ఎల్‌లో మీ పొలం దగ్గర ఏది అందుతుందో చూడండి. చూడాల్సింది గట్టు మీద కాదు, స్టార్టరు పెట్టె పక్కన. ఇనప డబ్బా మూస్తే సిగ్నల్ చచ్చిపోతుంది, యాంటెన్నా బయట, వీలైతే రేకు పైన ఉండాలి. ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లు 4జీదే కొనండి. రీచార్జి గడువు తీరిన సిమ్ మీద మోటారు లేవదు, ఆ తేదీ క్యాలెండరులో రాసుకోవాలి.

సొంతంగా తయారుచేసేవాళ్లకు: సిమ్800ఎల్ అనే 2జీ మాడ్యూలు నెట్‌వర్క్ వెతికే క్షణంలో 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. దానికి 3.4 నుంచి 4.4 ఓల్టులే ఇవ్వాలి. చిన్న అడాప్టరుతో నడిపితే మాటిమాటికీ రీసెట్ అవుతుంది. అందరూ కోడులో తప్పు వెతుకుతారు కానీ తప్పు పవర్‌లో ఉంటుంది. మాడ్యూలు పిన్నులకు దగ్గరగా 1,000 మైక్రోఫారడ్ కెపాసిటరు పెట్టి, తీగలు పొట్టిగా, లావుగా ఉంచండి.

#11 చింతామణి దారి

చాలా థాంక్స్ అండీ. నాలుగు భాగాలు, మీటరు, మొబైల్ కంట్రోలరు, ఇంతవరకు అర్థమైంది. వచ్చే పంటకు కొత్తలో నీళ్లు మిగలాలంటే తేమ సెన్సరు ఏ రకం తీసుకోవాలి? ఆన్‌లైన్‌లో వంద, రెండు వందలకు కూడా కనపడుతున్నాయి.

#12 ఎర్రనేల

నన్నడిగితే మొదట టెన్షియోమీటరు. మట్టి కుండ కొస, నీళ్లు నింపిన గొట్టం, పైన గేజి. కరెంటు అక్కర్లేదు, క్యాలిబ్రేషన్ (మన మట్టికి అంకెలు సరిచూసుకోవడం) అక్కర్లేదు. వేరు నీటిని ఎంత బలంతో లాగాల్సి వస్తోందో అది నేరుగా చెబుతుంది. 15 సెంటీమీటర్ల లోతున ఒకటి, 30 లోతున ఒకటి, డ్రిప్పరుకు 10 నుంచి 15 సెంటీమీటర్ల దూరంలో.

పాతే ముందు కుండ కొసను ఒక రాత్రి నీళ్లలో నానబెట్టాలి. గొట్టంలో పోసేది కాచి చల్లార్చిన నీళ్లు, లేకపోతే కరిగి ఉన్న గాలి బుడగలై పైకి చేరి గేజి కదలదు. గుంత గొట్టం లావే తీసి, ఆ మట్టినే బురద చేసి పోసి అందులో దించండి. కుండకూ మట్టికీ మధ్య గాలి సందు ఉంటే ఆ పరికరం ఉన్నా లేనట్టే. 80 కిలోపాస్కల్ (లాగే బలానికి కొలత, అంకె పెరిగితే నేల ఎండినట్టు) దాటి ఎండితే లోపలి నీటి స్తంభం తెగిపోతుంది, మళ్లీ నింపాలి.

ఎర్ర ఇసుక గరప నేలలో 15 సెంటీమీటర్లది 25 కిలోపాస్కల్ చూపితే నీళ్లు పెట్టండి, 10కి దిగితే ఆపండి. 30 లోతుది ఎప్పుడూ 10 లోపే ఉంటోందంటే నీళ్లు వేళ్లు దాటి కిందికి పోతున్నాయి, వాటితో వెంచురీలో (డ్రిప్పు నీళ్లలోకి ఎరువు కలిపే పరికరం) పోసిన యూరియా కూడా. నల్లరేగడిలో ఈ అంకెలు పనికిరావు, అక్కడ 40, 50 దాకా ఆగొచ్చు.

గేజి చదవడం అమ్మానాన్నలకు ఇబ్బంది అనుకుంటే కోయంబత్తూరు చెరకు పరిశోధన సంస్థవాళ్లు చేసిన చేతి సూచిక ఉంది. మట్టిలో గుచ్చితే దీపం వెలుగుతుంది: నీలం అంటే తేమ దండిగా ఉంది, పచ్చ అంటే చాలు, నారింజ అంటే నీళ్లు పెట్టాలి, ఎరుపు అంటే వెంటనే పెట్టాలి. పొలమంతా తిరిగి పది చోట్ల గుచ్చి చూడటానికి అదే నయం.

#13 లోరా గాలి

చవక సెన్సర్ల మీద అనుభవజ్ఞుల మాటలు చాలా ఉన్నాయి, సాంకేతికంగా ఇదీ సంగతి.

రెండు మేకుల్లాంటి రెసిస్టివ్ రకం అసలు వద్దు. కరెంటు పారేకొద్దీ ఒక కాలు కరిగిపోతుంది, కొన్ని వారాల్లో అది చూపేది తుప్పునే.

కెపాసిటివ్ రకం, 1.2 అని రాసి ఉండే నల్ల పట్టీ, పనికొస్తుంది. కొనగానే మూడు చూడండి. ఒకటి, మీద ఉన్న చిప్పు టీఎల్‌సీ555 అయి ఉండాలి. ఎన్ఈ555 అయితే 3.3 ఓల్టులకు సరిగ్గా నడవదు. రెండు, కొన్ని బ్యాచ్‌లలో 1 మెగాఓమ్ రెసిస్టరు గ్రౌండుకు కలవకుండా వస్తుంది. నీళ్లలో ముంచాక రీడింగు మారడానికి నిమిషాలు పడితే ఆ లోపమే, చిన్న తీగతో టంకం వేసి కలపాలి. మూడు, పట్టీ అంచులకు పూత ఉండదు. కోసిన అంచులోంచి తేమ లోపలికి పాకి రీడింగు మెల్లగా జరిగిపోతుంది. అంచులకూ, పైన చిప్పులున్న భాగానికీ ఎపాక్సీ పూసి, పై భాగం మీద హీట్ ష్రింక్ గొట్టం తొడగండి.

క్యాలిబ్రేషన్ మీ మట్టితోనే చేయాలి. పొలం మట్టి బాగా ఎండబెట్టి, కిలో చొప్పున ఐదు డబ్బాల్లో వేసి 0, 50, 100, 150, 200 మిల్లీలీటర్ల నీళ్లు కలపండి. డబ్బా మూసి ఒక రాత్రి ఉంచి, అన్నింటినీ ఒకే గట్టిదనంతో అదిమి, సెన్సరు గుచ్చి అంకె రాసుకోండి. వదులుగా నింపితే గాలి కలిసి తేమ తక్కువ చూపుతుంది. తర్వాత టెన్షియోమీటరు పక్కనే వారం రోజులు పాతి, 25 కిలోపాస్కల్ దగ్గర సెన్సరు ఏ అంకె చూపుతోందో గుర్తుపెట్టుకుంటే మీకు కావాల్సిన గీత అదే. రీడింగు తెల్లవారుజామునే తీసుకోండి. మధ్యాహ్నం వేడికీ, ఎరువు పారించిన వెంటనే ఉప్పుకూ అంకె మారుతుంది.

బ్యాటరీ విషయం. సెన్సరు అంకెలు చదివి పంపడానికి చిన్న కంప్యూటరు బోర్డు కావాలి. ఈఎస్‌పీ32 డెవ్‌కిట్ బోర్డును నిద్రపుచ్చినా మీద ఉన్న రెగ్యులేటరు, యూఎస్‌బీ చిప్పు 10 మిల్లీఆంపియర్ల వరకు తాగుతాయి. 2,600 ఎంఏహెచ్ సెల్లు పది, పదకొండు రోజులకు ఖాళీ. అదే వట్టి మాడ్యూలు నిద్రలో మైక్రోఆంపియర్లే తీసుకుంటుంది. ఎండలో పెట్టే డబ్బాకు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్లు మేలు.

ఎకరన్నర చదరంగా ఉంటే ఒక్కో వైపు 80 మీటర్లు కూడా ఉండదు. అంత చిన్న దూరానికి లోరా (చాలా దూరం పోయే తక్కువ శక్తి రేడియో) అక్కర్లేదు, ఆ బోర్డులే ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఈఎస్‌పీ నౌ చాలు. స్టార్టరు కిలోమీటరు దూరంలో ఉంటేనే లోరా. అప్పుడు 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ పట్టీలో నడిచే ఎస్‌ఎక్స్1276 లేదా ఎస్‌ఎక్స్1262 మాడ్యూలు కొనండి, మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకోదగ్గ పట్టీ అది. అంగట్లో చవగ్గా దొరికే ఎస్‌ఎక్స్1278 433కు చేసింది, ఈ పట్టీలో పనికిరాదు. యాంటెన్నా బిగించకుండా పవర్ ఇవ్వకండి, పంపే భాగం కాలిపోతుంది.

#14 గేటువాల్వు

సెన్సరు తీగలు మల్చింగ్ షీటు కింద వదిలేస్తే ఎలుకలు కొరుకుతాయి. అర అంగుళం పీవీసీ గొట్టంలో పెట్టి, రెండు కొసలూ మూయాలి.

#15 ఆకుమచ్చ (హెసరఘట్ట)

నీళ్ల చర్చలో ఇంకొకటి కలుపుతాను, ఫోటో తీస్తే తెగులు చెప్పే యాప్‌లు వాడేవాళ్లకు ఇక్కడే పొరపాటు జరుగుతుంది. నీళ్లు ఒకరోజు ఎక్కువై ఇంకోరోజు తక్కువైతే టమోటా కింది ఆకులు ముందు పైకి చుట్టుకుంటాయి, మందంగా గరగరలాడుతాయి, పచ్చగానే ఉంటాయి. అది తెగులు కాదు. ఆకుముడత వైరస్ అయితే కొత్త చిగురు ఆకులు చిన్నవై, అంచులు పసుపెక్కి ముడుచుకుంటాయి, చెట్టు గిడసబారుతుంది, ఆకు కింద తెల్లదోమ ఉంటుంది. ఒక్క ఆకు దగ్గరగా తీస్తే యాప్ రెండింటినీ ఒకటే అనే అవకాశముంది. మొత్తం చెట్టు, చిగురు, కింది ఆకు అడుగుభాగం, మూడు ఫోటోలు తీసి చూడండి. ప్లాంటిక్స్ తెలుగులో ఉంది, అమ్మానాన్నలు కూడా చదువుకోగలరు. కానీ యాప్ చెప్పిన మందు కొనేముందు కిసాన్ కాల్ సెంటరు 1800-180-1551కి ఫోన్ చేసి అడగండి.

#1లో చెప్పిన కాయ అడుగు నల్లబడటం కూడా నీళ్ల హెచ్చుతగ్గులదే. నీళ్లు సమంగా అందకపోతే కాయ కొసకు కాల్షియం చేరదు. మందు కొట్టినా ఆఖరి సాళ్లలో అది తగ్గదు, నాలుగు వాల్వులు పెట్టాక కొత్త కాయల్లో తగ్గుతుంది. పాడైన కాయలు కోసి పారేయండి.

వచ్చే పంటకు ఐఐహెచ్ఆర్ (భారత ఉద్యాన పరిశోధన సంస్థ) రకాలు అర్క రక్షక్ గానీ అర్క అభేద్ గానీ చూడండి, ఆకుముడత, బాక్టీరియా వడలు తెగులు, ఆకుమాడు మూడింటినీ తట్టుకునేవి.

#16 తూము

వాన వస్తుందని యాప్ చెబితే ఆ రోజు డ్రిప్పు ఆపేయొచ్చా?

#17 ఎర్రనేల

మల్చింగ్ షీటు వేసిన పొలంలో ఆపకండి. షీటు మీద పడ్డ వాన జారి బోదెల మధ్య కాలువల్లోకి పోతుంది, మొక్క మొదట్లోకి చేరేది కన్నంలోంచి పడ్డంతే. 10 మిల్లీమీటర్ల వాన కురిసినా 15 సెంటీమీటర్ల టెన్షియోమీటరు కదలకపోవచ్చు. వాన కురిశాక గేజి చూసి నిర్ణయించండి, ముందే కాదు.

మేఘదూత్ యాప్ మందు కొట్టే రోజు ఎంచుకోవడానికి బాగా పనికొస్తుంది. వాతావరణ శాఖ సలహాలు మంగళ, శుక్రవారాల్లో వస్తాయి. ఎక్కడ ఎంత కురిసిందో తెలియాలంటే కర్ణాటకలో విపత్తు పర్యవేక్షణ కేంద్రం పంచాయతీల స్థాయిలో పెట్టిన వానకొలత యంత్రాలున్నాయి. అందుకే ఎకరన్నరకు మీరు సొంత వాతావరణ కేంద్రం కొనక్కర్లేదు. ద్రాక్ష తోట అయితే ఆకు తడి సెన్సరు కోసం కొనొచ్చు, బూజు తెగులుకు ఆకు ఎన్ని గంటలు తడిగా ఉందన్నదే లెక్క.

#18 నిర్వాహకుడు

కంపెనీల పేర్లు పెట్టి తిట్టుకోకుండా చర్చ సాగుతున్నందుకు అందరికీ కృతజ్ఞతలు. కిట్ అమ్మేవాళ్లను ఏమేం అడగాలో ఎవరైనా రాస్తే ఈ చర్చను పైన అతికిస్తాను.

#19 లోరా గాలి

అడగాల్సినవి: చందా ఆపేస్తే మోటారు స్థానికంగా నడుస్తుందా, లేక పెట్టె మూగబోతుందా? ఇంటర్నెట్ లేకపోతే చివరి షెడ్యూలుతో పనిచేస్తుందా? నా రీడింగులు ఫైలుగా దించుకోగలనా? సెన్సరు చెడితే వేరే తయారీదారుడిది కలపొచ్చా, లేక వాళ్లదే కొనాలా? చింతామణికి రిపేరు మనిషి ఎన్ని రోజుల్లో వస్తాడు? జవాబులు రాతపూర్వకంగా ఇవ్వమనండి. మొదటి ప్రశ్నకే తడబడితే అక్కడితో ఆపేయండి.

#20 గేటువాల్వు

సోలినాయిడ్ వాల్వుల గురించి కూడా, అంటే ఆ కిట్‌లో ఫోనుతో తెరుచుకునేవి. చాలావాటికి తెరుచుకుని గట్టిగా మూసుకోవడానికి 0.7 కిలో దాకా ఒత్తిడి కావాలి. మీ పాత 0.2 కిలోలో ఆ కిట్ వాల్వులు సగం మూసుకుని కారుతూనే ఉండేవి. నాలుగు భాగాలయ్యాక పనిచేస్తాయి. కొంటే 9 లేదా 12 ఓల్టుల డీసీ లాచింగ్ రకం కొనండి, తెరవడానికీ మూయడానికీ ఒక్క క్షణం పల్స్ చాలు, చిన్న సోలారు పలకతో నడుస్తుంది. 24 ఓల్టుల ఏసీ రకానికి తెరిచి ఉన్నంతసేపూ కరెంటు కావాలి.

వీటిమీద డబ్బు పెడితే రాత్రి కరెంటు వచ్చే వేళ కోసం పెట్టండి. పగలు వాల్వు తిప్పడం కష్టమేమీ కాదు. అర్ధరాత్రి పాములు తిరిగే గట్లమీద పెద్దవాళ్లు గంటన్నరకొకసారి నడవడం ఆగాలి. అది వచ్చే ఏడు చేసుకోవచ్చు.

#21 చింతామణి దారి

అయితే 25 వేలలో: రెండు గేటువాల్వులు, టీలు, ఫ్లష్ వాల్వులు, రిలీఫ్ వాల్వు, గేజిలు, నీటి మీటరు, 4జీ కంట్రోలరు, రెండు టెన్షియోమీటర్లు. సెన్సర్లు, సోలినాయిడ్లు తర్వాత. కంపెనీవాళ్లకు వద్దని చెప్పేశాను. ఆఖరి ప్రశ్న: నాన్నది బటన్ ఫోను, ఇంగ్లిషు మెసేజీలు చదవలేరు. మోటారు ఎందుకు ఆగిందో ఆయనకెలా తెలుస్తుంది?

#22 స్టార్టర్ పెట్టె

మెసేజీకి బదులు ఫోన్ చేసి మాట్లాడే రకం కంట్రోలరు అడగండి, తెలుగు, కన్నడ గొంతులున్నవి దొరుకుతాయి. నంబర్లు ఇలా ఎక్కించండి: మొదటిది నాన్నగారిది, మోటారు ఆగిన కాల్ ఆయనకే వెళ్లాలి. రెండోది అమ్మగారిది. మూడోది మీది, మీకు మెసేజీ చాలు. ఈ మూడు కాక వేరే నంబరు నుంచి కాల్ వస్తే మోటారు లేవకుండా ‘నమోదైన నంబర్లకే’ అన్న సెట్టింగు పెట్టండి, లేకపోతే రాంగ్ నంబరుకు కూడా మోటారు లేస్తుంది. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చండి. డబ్బా లోపలి తలుపు మీద తెలుగులో రాసి అతికించండి: డ్రై రన్ అంటే బోరులో నీళ్లు లేవు, 45 నిమిషాలు ఆగు. ఫేజు లేదు అంటే లైన్‌మన్‌ను పిలువు. ఓవర్‌లోడ్ రెండుసార్లు వస్తే మళ్లీ బటన్ నొక్కకు, మెకానిక్‌ను పిలువు. బిగించిన రోజే ఒక ఫేజు ఫ్యూజు పీకి, ఫోను వస్తుందో లేదో నాన్నగారి చేత పరీక్ష చేయించండి.